డ్రైవరు పక్కన ఖాళీ సీటు

ఫ్లోరెన్స్ స్టేషను మెట్లు దిగగానే రోస్విటా చేతిలోని మ్యాపు మడిచి సంచిలో పడేసింది.

"ఇక దీంతో పనేముంది? ఇక్కణ్ణించి నీ ఊరే కదా. పద," అంది మొగుడితో.

ఒట్మార్ ఆ సంచి వైపే చూశాడు. తొమ్మిది రోజుల ఇటలీ ప్రయాణంలో అది ఏడో రోజు. వెరోనాలో, బొలోన్యాలో ఎలాగో గట్టెక్కాడు. ఆ ఊళ్ళ గురించి ఇంటి దగ్గర ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు కాబట్టి, "ఇక్కడ మా బస్సు ఆగేది కాదు" అంటే సరిపోయింది. ఫ్లోరెన్స్ సంగతి వేరు. ఫ్లోరెన్స్ గురించి అతను ముప్పయ్యొక్కేళ్ళు చెప్పాడు.

ఆస్ట్రియాలోని స్టిరియాలో, రాబ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో ఒట్మార్ టూరిస్టు బస్సు డ్రైవరు. పెన్షనర్ల సంఘాలు, చర్చి పాటగాళ్ళు, పాడి రైతుల భార్యలు, ఎవరు యాత్రకు బయల్దేరినా స్టీరింగు ముందు అతనే. ఇటలీకి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్క లేదు. మనిషి నిదానస్తుడు. ఒక్క ప్రమాదం లేదు. ఎండాకాలంలో కూడా తెల్ల చొక్కా మెడ బొత్తాం పెట్టుకుని కూర్చునేవాడు. ముసలమ్మల పెట్టెలు తానే దించి, తానే ఎక్కించేవాడు.

రోస్విటా బడి వంటశాలలో వంట చేసేది. మిగతా పొద్దు ఇల్లు, కోళ్ళు, గుమ్మడి మడి. పెళ్ళయిన కొత్తలో, ఎనభయ్యొకటిలో, అతను మొదటిసారి ఫ్లోరెన్స్ నుంచి ఫోన్ చేశాడు. పెట్రోలు బంకు పక్కన నాణేలు వేసే ఫోను. ఆ రోజు పొద్దున నాలుగింటికి లేచి, కొండలు దాటించి, ప్రయాణికుల్ని దింపి, ఎవరో కక్కిన సీటు కడిగి, చివరి వరసలో కాళ్ళు చాపుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు.

"ఏం చూశావు? చెప్పు, చెప్పు," అంది రోస్విటా అటునుంచి. ఆ గొంతులో ఎంత ఆశంటే, నిద్రపోయానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. జేబులో టూరు వాళ్ళ కాగితం ఉంటే బయటికి తీశాడు. అందులో రాసింది చదివాడు. పెద్ద చర్చి, దాని మీద ఎర్ర పెంకుల గోపురం, నాలుగు వందల అరవై మూడు మెట్లు, ఎదురు గుడికి బంగారు బొమ్మల తలుపులు.

"అన్ని మెట్లూ ఎక్కావా?"

"ఎక్కాను."

"పైనుంచి ఏం కనబడింది?"

కాగితంలో అది రాయలేదు. ఒట్మార్ ఒక్క క్షణం ఆలోచించి, "ఒకావిడ మిద్దె మీద దుప్పట్లు ఆరేసుకుంటూ పాడుతోంది," అన్నాడు.

ఆ దుప్పట్ల సంగతి రోస్విటా వాళ్ళత్తకి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది, బడిలో చెప్పింది. అతను ఊరికి వచ్చేసరికి, ఆదివారం చర్చి అయ్యాక ఎదురు హోటల్లో మగవాళ్ళు కూర్చునే బల్ల దగ్గర అతనికి చోటు సిద్ధంగా ఉంది. "రావయ్యా, ఇటలీ మనిషీ!" అని పిలిచారు. ఇక వెనక్కి వెళ్ళడానికి దారి ఎక్కడుంది? మైకులో గైడులు చెప్పేది వింటూ నేర్చుకున్నాడు. విననిచోట సొంతంగా కల్పించాడు. మార్కెట్టు వెనక సందులో గాస్తోనె అనే కుంటి హోటలాయన పుట్టింది అలాగే. "ఒట్మార్ దొర వచ్చాడు, కుర్చీ తుడవండి!" అని అరుస్తాడట. డబ్బు తీసుకోడట.

నిజంగా వెళ్ళి చూడటానికి అతనికేం అడ్డు? మొదట్లో అలసట. ఎనిమిది గంటలు తోలాక కాళ్ళు దిమ్మెక్కిపోయేవి. తరువాత అలవాటు. ఆ తరువాత సిగ్గు. అన్నీ తెలుసని చెప్పుకున్న ఊళ్ళో, నడివయసువాడు దారి అడుక్కుంటూ తిరగడమా? తన ప్రయాణికులెవరైనా చూస్తే?

డ్రైవరు పక్కన ఒక సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. గైడులు ఎక్కువగా మధ్యదారిలో ఎక్కేవాళ్ళు. కంపెనీ యజమాని మంచివాడు. "అక్టోబర్లో రద్దీ ఉండదు, మీ ఆవిడని ఒకసారి తీసుకెళ్ళవయ్యా," అని రెండు మూడు సార్లు తనే అన్నాడు. "మా అమ్మని ఎవరు చూస్తారండీ?" అనేవాడు ఒట్మార్. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు మంచంలోనే ఉంది. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ వారం రోజులు వచ్చి ఉండటానికి అతని అక్క సిద్ధంగానే ఉండేది. ఆ సంగతి యజమానికి చెప్పలేదు. యజమాని అన్న మాట రోస్విటాకీ చెప్పలేదు. ఆమె వస్తే అంతా బయటపడుతుందని భయం.

అమ్మ పోయింది. తననీ తీసుకెళ్ళమని రోస్విటా అడగడం మానేసింది. అతను రిటైరయ్యాడు. రెండేళ్ళు ఊరికే గడిచాయి. అతని అరవయ్యో పుట్టినరోజున రోస్విటా రైలు టిక్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నువ్వు చూసినవన్నీ నాకు చూపించు. నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తుండగానే," అంది.

---

ఫ్లోరెన్స్‌లో మొదటి రోజు అదృష్టం కలిసొచ్చింది. స్టేషన్లో దిగిన జనం అంతా ఒకే వైపు పోతుంటే ఒట్మార్ వాళ్ళ వెంట నడిచాడు. సందు మలుపు తిరగగానే పెద్ద చర్చి ఒక్కసారిగా ఎదురొచ్చింది. తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రాళ్ళు. అతను ఆగిపోయాడు. ఇంత పెద్దదని అతనికి తెలియదు. రంగులుంటాయని అసలు తెలియదు. నోరు తెరుచుకుని చూడబోయి, తమాయించుకుని, ఎన్నోసార్లు చూసినవాడిలా ముఖం పెట్టాడు.

రోస్విటా అతని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"రంగుల గురించి నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పే ఉంటాను."

"లేదు. నువ్వు చెప్పినవన్నీ నాకు గుర్తే."

అదే అతని భయం. బంగారు తలుపుల ముందు నిలబడి ఆమె ఒక్కో బొమ్మా ఏమిటని అడిగింది. అతను బైబిల్లో గుర్తున్నవి చెప్పుకొచ్చాడు. పక్కనే ఒక గైడు జర్మన్‌లో వేరేగా చెబుతున్నాడు. రోస్విటా రెండూ వింది. తరువాతి బొమ్మ దగ్గరికి జరిగింది.

మధ్యాహ్నానికి గాస్తోనె వంతు వచ్చింది. మార్కెట్టు వెనక సందులన్నీ తిరిగారు. ఒట్మార్ ఒక చెప్పుల దుకాణం ముందు ఆగాడు. "ఇక్కడే ఉండేది," అన్నాడు. "తీసేసినట్టున్నారు. అప్పటికే పెద్దవాడు. పోయుంటాడు పాపం."

"అయ్యో," అంది రోస్విటా. నిజంగానే బాధపడింది. "నిన్నంత బాగా చూసుకున్నాడు. ఒక్కసారైనా మన గుమ్మడిగింజల నూనె సీసా పంపించలేదు మనం. నేను ఎన్నిసార్లు చెప్పాను, పట్టుకెళ్ళమని!"

దారిలో చిన్న చర్చి కనబడితే లోపలికి వెళ్ళి, ఒక కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుంది. "గాస్తోనె ఆత్మకి," అంది. ఒట్మార్ పక్కన నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా ఉండడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇంకా రెండు రోజులే కదా అనుకున్నాడు. రెండు రోజులు గడిస్తే ఇల్లు చేరతాం, ఈ గండం జన్మలో మళ్ళీ రాదు అనుకున్నాడు.

---

రెండో రోజు పొద్దున రోస్విటా నది ఒడ్డున నడుద్దామంది. ఎండ బాగుంది. నీళ్ళ మీద నుంచి గాలి చల్లగా వస్తోంది. ఆమె ఉల్లాసంగా ఉంది. కబుర్లు చెబుతూ ఒక వంతెన దాటారు, ఇంకో వంతెన దాటారు. ఎటు పోతున్నామో ఒట్మార్ చూసుకోలేదు. తీరా తలెత్తేసరికి ఎదురుగా చెట్ల కింద వరసగా టూరిస్టు బస్సులు.

వెనక్కి తిరుగుదామనుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఒట్మారో!"

కాఫీ బండి వెనక నుంచి ఒక లావుపాటి ఆడమనిషి చేతులు చాపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. పేరు లోరెదానా. పాతికేళ్ళుగా ఆ స్థలంలో డ్రైవర్లకి కాఫీ అమ్ముతోంది. వచ్చీరాని జర్మన్. ఒట్మార్ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, రోస్విటా వైపు తిరిగింది.

"భార్య? నువ్వే భార్య! ఆ నల్ల రొట్టె, పంది మాంసం... నువ్వు కట్టింది! నాకు తెలుసు. సగం ఎప్పుడూ నాకే పెట్టు ఇతను."

రోస్విటా నవ్వింది. "అయితే మీరు మావాడికి పాత స్నేహితులన్నమాట. గాస్తోనె గారు ఎప్పుడు పోయారండీ?"

"ఎవరు?"

"గాస్తోనె. మార్కెట్టు వెనక హోటలు. కుంటికాలు."

లోరెదానా భుజాలెగరేసింది. "నాకు తెలీదు. ఇతనికి హోటలు ఎందుకు? ఇతను ఇక్కడే. ఇదిగో, ఈ బెంచీ! బస్సు కడుగు, రొట్టె తిను, నిద్రపో. నేను చెప్పు, వెళ్ళు ఒట్మారో, వెళ్ళు, పదిహేను నిమిషాలు నడక, ఊరు చూడు! ఇతను, వద్దు వద్దు. పాతికేళ్ళు వద్దు వద్దు!" అని పకపకా నవ్వింది. "ఇప్పుడు భార్య తెచ్చింది. ఇప్పుడు చూస్తాడు. మంచిది!"

ఆ నవ్వులో రవ్వంత కల్మషం లేదు. రెండు కాఫీలు పోసి, డబ్బు వద్దని చేతులూపి, ఎవరో పిలిస్తే బండి దగ్గరికి పోయింది.

రోస్విటా కాఫీ పట్టుకుని ఆ బెంచీ మీదే కూర్చుంది. అక్కణ్ణించి చూస్తే ఇళ్ళ కప్పుల పైన గోపురం కొసన ఉన్న తెల్లటి ముక్క, దాని మీద గుండు, అంతే కనబడుతుంది. చాలాసేపు అటే చూసింది.

"నువ్వు చూసింది ఇంతేనా?"

"ఇంతే."

"రోము?"

"బస్సులు ఊరి బయటే ఆపేవాళ్ళు."

"వెనిస్?"

"అక్కడా అంతే. పెద్ద పార్కింగు. నీళ్ళు కూడా సరిగ్గా కనబడవు."

"దుప్పట్లావిడ?"

అతను తల దించుకున్నాడు. రోస్విటా కాఫీ తాగలేదు. చల్లారిపోయింది.

"నిన్న నేను కొవ్వొత్తి వెలిగించాను, ఒట్మార్. లేని మనిషికి. నువ్వు పక్కన నిలబడి చూశావు."

"తిట్టు, రోస్విటా."

"తిట్టడానికి కాదు." ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. అరిచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "నేనేం చేశానో నీకు తెలియదు. నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయనగారు అక్కడ మేడలెక్కి పాటలు వింటున్నాడు, నేనిక్కడ వాళ్ళమ్మ గుడ్డలు ఉతుకుతున్నాను అని. ఆ మంట ఎవరి మీద తీర్చుకోను? ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఒట్మార్ తలెత్తి చూశాడు.

"అమ్మకి మాట పోయింది కదా. ఏం కావాలన్నా చెంచాతో మంచం కమ్మి మీద కొట్టేది. ఒకసారి, నువ్వు ఇక్కణ్ణించే ఫోన్ చేసిన రోజు, నేను వంటింట్లో కూర్చుండిపోయాను. కొట్టింది, కొట్టింది. కొట్టుకోనీ అనుకున్నాను. గంట పైనే. వెళ్ళి చూస్తే, నీళ్ళకి. పెదాలు ఎండిపోయాయి."

"కావాలనే రాలేదని అమ్మకి తెలిసిందా?"

"తెలియకేం. కళ్ళు బాగానే ఉండేవిగా. నన్నే చూసింది. నీళ్ళు తాగి నా చెయ్యి నిమిరింది. అది ఇప్పటికీ..." కాఫీ కప్పు బెంచీ మీద పెట్టింది. "ఊరికే కుళ్ళుకున్నాను, ఒట్మార్. నువ్వు ఇక్కడ పాచిరొట్టె తిని పడుకుంటుంటే, నేను అక్కడ నీ మీద కుళ్ళి, ఆ ముసలిదాన్ని ఏడిపించాను."

పక్కన ఒక యువ డ్రైవరు బస్సు అద్దం మీద నీళ్ళు కొడుతున్నాడు. తుంపరలు వీళ్ళ కాళ్ళ దాకా వస్తున్నా ఇద్దరూ కదల్లేదు.

దాచడానికి ఇంకేమీ మిగలకూడదనిపించింది ఒట్మార్‌కి. యజమాని అన్న మాట, డ్రైవరు పక్క సీటు, అక్క వచ్చి ఉంటానన్నది, అన్నీ చెప్పేశాడు. రోస్విటా అన్నిటికంటే ఆ సీటు మాటకే ఎక్కువ చలించింది.

"ఖాళీగా ఉండేదా? ఎప్పుడూనా?"

"దాదాపు ఎప్పుడూ."

"పిచ్చివాడా! నాకు గోపురాలు కావాలని ఎవరు చెప్పారు నీకు? నేను అడిగేది నువ్వెలా ఉన్నావో తెలుసుకోవాలని. కొండలు దాటేటప్పుడు నీ పక్కన కూర్చునేదాన్ని. నువ్వు సీటు కడుగుతుంటే బకెట్టు పట్టుకునేదాన్ని. చివరి వరసలో నీతోపాటు నిద్రపోయేదాన్ని. అంతకంటే నాకేం కావాలి?"

అప్పుడు ఏడ్చింది. ఒట్మార్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె తోసేయలేదు, దగ్గరికీ రాలేదు.

---

చివరి రోజు. మధ్యాహ్నం రైలు. పొద్దున కాఫీ దగ్గర రోస్విటాయే ముందు మాట్లాడింది. "వచ్చాం కదా. గోపురం ఎక్కుదాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి," అంది. ఆ చివరి మాటలో కొంచెం ఎత్తిపొడుపు, కొంచెం నవ్వు.

గంటన్నర వరసలో నిలబడ్డారు. గుమ్మం దగ్గరున్న కాపలామనిషి రోస్విటా మోకాలికి కట్టిన పట్టీ చూసి, పైదాకా లిఫ్టు లేదని, మెట్లు ఇరుకని, మధ్యలో కూర్చోవడానికి చోటుండదని సైగలతో చెప్పాడు. రోస్విటా చీకటిగా ఉన్న మెట్ల దారిలోకి తొంగి చూసింది. నాలుగు మెట్లు ఎక్కింది. ఐదో మెట్టు మీద గోడ పట్టుకుని ఆగింది. వెనక జనం సణుగుతున్నారు.

"బడి వంటింట్లో ముప్పై ఏళ్ళు నిలబడిన కాళ్ళు," అంది దిగి వచ్చి. "పదేళ్ళ క్రితమైతే పరిగెత్తేదాన్ని. నువ్వెళ్ళు. నేనిక్కడ కూర్చుంటాను."

"నాకొద్దు."

"పంతమా?"

"కాదు. ఒక్కణ్ణే ఎక్కాలంటే ముప్పయ్యొక్కేళ్ళలో ఎప్పుడైనా ఎక్కేవాణ్ణి."

వాళ్ళ టిక్కెట్లు వెనక నిలబడ్డ ఒక యువజంటకి ఇచ్చేశారు. ఆ పిల్ల థాంక్స్ చెప్పి, ప్రియుడి చెయ్యి పట్టుకుని చీకట్లోకి పరిగెత్తింది. ఒట్మార్, రోస్విటా చర్చి గోడనానుకుని రాతి అరుగు మీద కూర్చున్నారు. పావురాలు వచ్చాయి. పైన, చాలా పైన, గోపురం కటకటాల దగ్గర మనుషులు చీమల్లా కదులుతున్నారు. ఎవరో చెయ్యి ఊపారు. ఎవరికో తెలియదు. రోస్విటా కూడా ఊపింది.

వెనిస్‌లో రైలు మారారు. కొండలు మొదలయ్యాక పట్టాల పక్కనే పెద్ద రోడ్డు కనబడసాగింది. ఆ రోడ్డులో ఒట్మార్‌కి తెలియని వంపు లేదు. మొదట ఊరికే చూస్తూ కూర్చున్నాడు. తరువాత, ఎవరూ అడక్కుండానే, "అదిగో ఆ మలుపు దగ్గర మంచులో చక్రం మార్చాను," అన్నాడు.

రోస్విటా కిటికీ వైపు జరిగింది. "ఎప్పుడు?"

"ఎనభై ఏడు. చేతులు ఇనుముకి అతుక్కుపోయాయి. చర్చి పాటగాళ్ళంతా దిగి చుట్టూ నిలబడి పాడారు, నాకు వెచ్చగా ఉంటుందని." వేలితో చూపిస్తూ, "ఆ సొరంగం అవతల ఒక పెద్దాయన సీట్లోనే పోయాడు. మూడో వరస. నిద్రపోతున్నాడనుకున్నాం. ఆయన భార్యకే ముందు తెలిసింది. నా దగ్గరికొచ్చి, 'ఆపకు బాబూ, ఇంటికి పోనీ, అందరి సెలవులూ పాడవుతాయి,' అంది. సరిహద్దు దాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు నువ్వు సముద్రం ఎలా ఉందని అడిగావు."

"ఏం చెప్పావు?"

"నీలంగా ఉందన్నాను."

సరిహద్దు దాటి ఫిలాఖ్‌లో రైలు ఆగాక పెట్టెలు అతను దించుతుంటే, చిన్నది రోస్విటా తనే అందుకుంది.

ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక ఆ రోజు ఆడవాళ్ళు కూడా ఎదురు హోటల్లోకి వచ్చారు, ఇటలీ కబుర్లు వినాలని. ఒట్మార్ పొద్దుటి నుంచి మాటలు పేర్చుకుంటున్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేయాలనుకున్నాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

అంతలో రొట్టెల దుకాణం జోసెఫా అడగనే అడిగింది. "ఏం రోస్విటా, మీ ఇటలీ మనిషి బాగా చూపించాడా? దారి తప్పించలేదు కదా?"

బల్ల చుట్టూ నవ్వులు. రోస్విటా మొగుడి వైపు చూడలేదు. చేతిరుమాలు మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"ఆయనకి అడుగడుగూ తెలుసు," అంది. "అక్కడివాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు. కాఫీకి డబ్బు కూడా తీసుకోలేదు."

"చూశారా!" అన్నారెవరో. ఒట్మార్ వీపు మీద చరిచారు. కొత్త గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అతని నోటికి రాలేదు. ఆమె తన పరువు కాపాడింది. కానీ ఆ సగం నిజం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందో అతను విన్నాడు. ఇన్నేళ్ళూ ఫోనులో తన గొంతు కూడా ఇలాగే మామూలుగా ఉండి ఉంటుంది. గ్లాసు మీద నురుగు దిగిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

ఆ చలికాలం రోస్విటా మోకాలికి ఆపరేషన్ అయింది. తరువాత వంటింటి బల్ల దాకా, కోళ్ళ గూటి దాకా నడిచేది. అంతకంటే దూరం మళ్ళీ వెళ్ళలేదు.